సంక్రాంతికి నెల్లూరు కయ్యలు ఇంకా పచ్చగా ఎందుకుంటాయి?

పండక్కి కారులో చెన్నై వెళ్తూ చూశాను, గోదావరి వైపు కోతలైపోతే నెల్లూరు చుట్టూ వరి ఇంకా పచ్చగానే ఉంది, ఇక్కడి రైతులు ఆలస్యంగా నాటారా అని కదా మీ ప్రశ్న. ఆలస్యం కాదండీ, మాకు అదే అదను.

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె, పెన్నా కాలవ కింద సేద్యం. నైరుతి రుతుపవనాలు మా దగ్గరికొచ్చేసరికి బలం తగ్గిపోతాయి, జూన్, జులైలో కూడా ఇక్కడ ఎండలు దంచుతాయి. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే, ఈశాన్య రుతుపవనాలకీ వాయుగుండాలకీ పడుతుంది. పెన్నా మీదున్న 78 టీఎంసీల సోమశిల డ్యాముకి నీళ్లొచ్చేది ఎక్కువగా ఎగువ నుంచి, శ్రీశైలం వరద కూడా కుందూ నది మీదుగా పెన్నాలో కలిసి వస్తుంది. డ్యాములో ఎంతుందో చూసి, ఐఏబీ (సాగునీటి సలహా మండలి) మీటింగులో ఎన్ని ఎకరాలకి ఎప్పుడు వదలాలో తేల్చాక మావాళ్లు నార్లు పోసుకుంటారు. కాబట్టి సంక్రాంతికి పైరు ఇంకా పచ్చగానే ఉంటుంది, కోతలు ఫిబ్రవరి చివర్లో మొదలై మార్చి అంతా సాగుతాయి.

నన్నడిగితే ఇదే కొంత నయం. గోదావరి డెల్టా వాళ్లకి తుపాను వస్తే పండిన చేను పడిపోతుంది, మాకు నారు పోతుంది. 2021 నవంబరు వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, ఇంక మా నార్లు ఏం మిగులుతాయి, మళ్లీ విత్తనాలు కొని పోసుకున్నాం. ఖర్చే, కానీ ఏడాది పంట మొత్తం పోలేదు.

అసలు టెన్షన్ కోతలప్పుడు. ఇక్కడ వడ్ల లెక్క పుట్టిలో, పుట్టి అంటే 850 కిలోలు. కోత మిషన్ ఇంకా కయ్యలో ఉండగానే దళారి గట్టు మీదికొచ్చి గుప్పెడు వడ్లు అరచేతిలో నలిపి, ఒక గింజ పంటికింద కొరికి "పచ్చిగా ఉన్నాయి రెడ్డీ" అంటాడు, ఆ తేమ పేరు చెప్పి పుట్టికి ఇన్ని కిలోలు ఎక్కువ తూయమంటాడు. అందరూ ఒకేసారి కోస్తారు, ఆరబోసుకునే చోటు ఉండదు, ఒప్పుకోక ఏం చేస్తాం? ఎండాకాలంలో వేసే రెండో పంట, ఎడగారు, సోమశిలలో నీళ్లు మిగిలితేనే, దాని కోతలకి మళ్లీ వాన భయం.

వాన కాలం ఒకటే కదా, పక్కనున్న ప్రకాశం జిల్లాలో కూడా ఇలాగే వరి ఉంటుందా అంటే, లేదు. వాళ్లకి వెనక పెన్నా, సోమశిల లాంటి అండ లేదు. దర్శి వైపు కొంత సాగర్ కుడి కాలవ నీళ్లొస్తాయి గానీ వాళ్లది చివరి ఆయకట్టు, పైవాళ్లు వాడుకోగా మిగిలిందే. అందుకే టంగుటూరు, కొండపి దగ్గర పొగాకు, నల్లరేగడి ఉన్నచోట శనగ. అక్టోబరు వానకి తడిసిన నేలలో శనగ విత్తితే ఆ పదునుకీ మంచుకీ పండిపోతుంది, కాలవ కోసం ఎదురుచూడక్కర్లేదు.