కువైట్ నుంచి నాన్నగారు తెచ్చిన పాత నోట్లు, నాణేలు, క్యాసెట్లు: ముందుగా దేనిని కాపాడుకోవాలి?

కువైట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మీ నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత దీనారు నోట్లు, ఫిల్సు అనే చిల్లర నాణేలు, ఉత్తరాలు, క్యాసెట్లు దొరికాయనీ, వాటికి మంచి ధర పలుకుతుందా, లేకుంటే ఎలా దాచుకోవాలనీ మీరు అడిగారు. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతం. నేనూ కువైట్‌లోని ఫర్వానియాలో ఉండి ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాణ్ణి కనుక, అలాంటి వస్తువులతో నాకున్న అనుభవం కొద్దీ చెబుతున్నాను. నోట్ల ధర సంగతి ఇంకో ఏడాది ఆగినా మీకు నష్టం లేదు. క్యాసెట్లు మాత్రం ఆగవు.

ముందు నోట్ల విషయం. 1961లో దీనారు వచ్చేదాకా కువైట్‌లో చెల్లినది మన రూపాయే. బంగారం దొంగరవాణా వల్ల విదేశీ మారక నిల్వలు తరిగిపోతున్నాయని 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసం వేరే రంగుల్లో ప్రత్యేకంగా నోట్లు ముద్రించింది. వాటి సంఖ్యకు ముందు జెడ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అటువంటిది ఒక్కటి కనిపించినా పాత నోట్ల గురించి బాగా తెలిసినవారికి చూపించండి. ఇక 1980 నుంచి చలామణిలో ఉన్న దీనార్ల కథ వేరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించి కేంద్ర బ్యాంకులోని నోట్లను దోచుకుపోవడంతో, విముక్తి తరువాత 1991లో అక్కడి ప్రభుత్వం ఆ శ్రేణిని ఉపసంహరించి, అదే నమూనాకు రంగులు మార్చి కొత్త నోట్లు ఇచ్చింది. ఆ పాతవాటిని ఈనాడు ఏ బ్యాంకూ మార్చి ఇవ్వదు. పాత నోటుకు లక్షలిస్తామని చెప్పి ముందుగా రుసుము కట్టమనేవారిని అసలు నమ్మకండి. ఇటువంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది.

నాణేలకు ఒకవైపు తెరచాప ఓడ, దాని కింద అరబ్బీ అంకెల్లో హిజ్రీ (ముస్లిం పంచాంగపు) సంవత్సరమూ, మనం వాడే ఇంగ్లీషు సంవత్సరమూ పక్కపక్కనే ఉంటాయి. మెరుస్తాయి కదా అని చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమకండి, సేకరించేవారు తోమిన నాణేన్ని ముట్టుకోరు. ఉత్తరాల మీది స్టాంపులు కత్తిరించకండి. పోస్టు ముద్ర, చిరునామా చెడకుండా కవరంతా ఉంటేనే దానికి విలువ.

అసలు చెప్పవలసింది క్యాసెట్ల గురించి. ఆ రోజుల్లో కువైట్ నుంచి ఫోను చేయడమంటే కూలిడబ్బులు కరిగిపోయేవి. అందుకని మా వైపు వాళ్లు చెప్పదలచుకున్నదంతా క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద ఊరికి బయలుదేరేవారి చేతికి ఇచ్చేవారు. ఆయన మద్రాసులో విమానం దిగి, నెల్లూరు మీదుగా ఇల్లు చేరి, దానిని మా ఇంట్లో అందజేసేవాడు. తిరుగు క్యాసెట్‌లో చదువురాని మా అమ్మ మాట్లాడేది. ఆవు ఈనిందనీ, చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారనీ, వేళకు తిను నాయనా అనీ చెబుతుండగా, వెనక ఎవరో బిందె దించిన చప్పుడు కూడా వినిపిస్తుంది. మీ పెట్టెలోని క్యాసెట్లలో సినిమా పాటలే ఉన్నాయనుకుని పక్కన పెట్టకండి. పాటల పేర్లున్న క్యాసెట్ల మీదే మాటలు రికార్డు చేసుకున్న ఇళ్లు మా ఊళ్లో ఎన్నో ఉన్నాయి.

క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలను ముందుగా విరిచేయండి, అప్పుడు పొరపాటున కూడా దాని మీద మళ్లీ రికార్డు కాదు. తరువాత ఆరు పలకలుండే రాత పెన్సిలును క్యాసెట్ చక్రంలో దూర్చి టేపును చేతితో మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి, ఎక్కడైనా అంటుకొని ఉంటే చేతికి తెలిసిపోతుంది. టేపు వెనక సన్నని లోహపు రేకు మీద చిన్న మెత్త ఉంటుంది. జిగురు ఎండి ఆ మెత్త ఊడిపోతే శబ్దం మందగిస్తుంది కానీ మాటలు చెరిగినట్టు కాదు. మరలు ఉన్న క్యాసెట్ అయితే టేపును మరో మంచి క్యాసెట్ డొప్పలోకి మార్చవచ్చు. తొంభై నిమిషాల క్యాసెట్లలో టేపు పలుచగా ఉంటుంది, వాటిని వేగంగా ముందుకు వెనక్కు తిప్పకండి. టేప్‌రికార్డరులో టేపు తాకే హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, ఇయర్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరుకు తీగ కలిపి ఎక్కించుకోవచ్చు. స్టూడియోకు ఇస్తే దగ్గరుండి చేయించుకొని అసలు క్యాసెట్లను వెనక్కు తెచ్చుకోండి.

మన జిల్లాలో తుపానుల నెలల్లో గోడలే చెమ్మగిల్లుతాయి కనుక పెట్టెను గోడకు ఆనించి ఉంచవద్దు. బట్టల్లో వేసినట్టు కలరా ఉండలు ఇందులో వేయకండి, వాటి ఆవిరి క్యాసెట్ల ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది.

ఎక్కించినవాటిని మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకొని వినండి. ఆ గొంతు ఎవరిది, క్యాసెట్‌ను ఎవరి చేత పంపారు, అప్పుడు ఏ గదిలో ఎవరెవరు కలిసి ఉండేవారు అని అడిగి, ఆయన చెప్పేదంతా ఫోనులో రికార్డు చేయండి. మీ దగ్గరున్నవి మరలు లేని క్యాసెట్లయితే ఇక్కడే చెప్పండి, వాటిని విప్పే పద్ధతి వివరంగా రాస్తాను.