వినే వైపు కూర్చున్నదాన్ని: ఫోన్ నిఘాపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే సంగతి మీద వచ్చాయి: మన ఫోన్ల మీద సర్కారు కన్ను. నేను టెలిఫోన్ శాఖలో ట్రంక్ ఆపరేటర్‌గా, అంటే ఊరి నుంచి ఊరికి కాల్స్ చేత్తో కలిపే పనిలో చేరి, ఎక్స్ఛేంజిలో ప్రమోషన్ మీద ప్రమోషన్ తీసుకుని రిటైరైన మనిషిని కాబట్టి, ఎడిటర్ గారు ఆ కట్టంతా తెచ్చి నా టేబుల్ మీద పడేశారు. విషయమే గుట్టు గురించి కనుక అడిగినవాళ్ల పేర్లూ ఊళ్లూ తీసేశాను. ఎవరి ప్రశ్న వాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. పింఛను తప్ప వేరే ఆదాయం లేదు. రాజకీయాల జోలికి పోను. నా ఫోన్ ఎవరు వింటే నాకేం పోతుంది? తప్పు చేసినవాడికి కదా భయం?

మాస్టారూ, ముందుగా ఒక మాట. మీరు ఈ ప్రశ్నను కవర్లో పెట్టి, అంటించి, పైన సెల్లోటేపు కూడా వేసి పంపారు. పోస్టుకార్డు మీద రాయలేదు.

ఇక అసలు జవాబు. మా ట్రంక్ బోర్డు గదిలో ఇరవై మంది ఆడవాళ్లం వరసగా కూర్చునేవాళ్లం. మా వెనకాల సూపర్‌వైజర్ టేబుల్. మాలో ఎవరి లైన్లోకైనా దూరి, మేం సబ్‌స్క్రైబర్లతో మర్యాదగా మాట్లాడుతున్నామో లేదో ఆవిడ వినొచ్చు. ఎప్పుడు వింటుందో, ఎవరిది వింటుందో మాకు తెలిసేది కాదు. టిక్కుమని చప్పుడైనా వచ్చేది కాదు. తలుచుకుంటే, ఆవిడ రోజు మొత్తం మీద విన్నది ఏ అరగంటో ఉంటుంది. మేం మాత్రం డ్యూటీ అంతా బిగదీసుకుని కూర్చునేవాళ్లం. పక్క బోర్డు అమ్మాయితో 'తల పగిలిపోతోందే' అని కూడా అనేవాళ్లం కాదు. తలనొప్పి నేరం కాదు కదా? అయినా అనేవాళ్లం కాదు. ఆవిడ సెలవు పెట్టిన రోజున కూడా.

ఇంకో సంగతి. మీకు దాచుకునేది లేకపోవచ్చు. మీకు ఫోన్ చేసేవాళ్లకు ఉండొచ్చు. మీ పాత శిష్యుడొకడు విలేఖరి అయ్యాడనుకోండి. బడి బిల్డింగు నిధులు ఎవరు తిన్నారో కూపీ లాగుతూ, 'సార్, అప్పట్లో ఏం జరిగింది?' అని మీకే ఫోన్ చేస్తాడు. ఆ లైను మీద చెవి ఉందని అనుమానం వస్తే మీరు చెప్పరు, వాడు అడగడు. తిన్నవాడు హాయిగా ఉంటాడు.

ప్రశ్న: వాట్సాప్ మెసేజ్ దారిలో ఎవరూ చదవలేరని మా అబ్బాయి వాదన. మరి కేసుల్లో పోలీసులు చాట్లు ఎలా బయటపెడుతున్నారు?

మీ అబ్బాయి చెప్పింది నిజం, మీరు చూస్తున్నదీ నిజం. 2016 నుంచి వాట్సాప్‌లో మెసేజ్ పంపేవాళ్ల ఫోన్లో తాళం పడి, అందుకునేవాళ్ల ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. కానీ ఆ భద్రత దారికే. ఇటు మీ ఫోన్, అటు అవతలివాళ్ల ఫోన్ ఉన్నాయి కదా. వాటిలో ఏది చేతికి చిక్కినా చాట్ మొత్తం చిక్కినట్టే. బ్యాకప్‌కు విడిగా తాళం పెట్టుకోకపోతే అదొక దొడ్డిదారి. ఫోన్లోకే దూరే పెగాసస్ లాంటి సాఫ్ట్‌వేర్ మరొకటి. 2021లో దాని మీద గొడవ రేగితే సుప్రీంకోర్టు నిపుణుల కమిటీ వేసింది. వాళ్లు 29 ఫోన్లు పరీక్షించి, అయిదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందన్నారు, అది పెగాససే అని తేల్చలేకపోయారు. కేంద్రం తమకు సహకరించలేదని కూడా కమిటీ రాసింది. 2022లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఆ మాట కోర్టులోనే చదివి చెప్పారు.

ఇవన్నీ మాటలు వినడం గురించి. అసలు మాట వినాల్సిన పనే లేదంటాను. ఎందుకంటారా?

ట్రంక్ కాల్ బుక్ చేస్తే మేం ఒక టికెట్ రాసేవాళ్లం. ఎవరి నంబరు, ఏ ఊరికి, ఏ నంబరుకు, ఎన్నింటికి కలిసింది, ఎన్ని నిమిషాలు. అంతే. మాట ఒక్కటి కూడా అందులో ఉండదు. నా నైట్ డ్యూటీల్లో ఒకాయన రోజూ రాత్రి తొమ్మిది దాటాక ఒకే నంబరుకు ఆర్డినరీ కాల్ బుక్ చేసేవాడు. మూడు నిమిషాలు. ఏడాదిన్నర పాటు అదే. ఒక వారం ఆ నంబరు పోయి, అదే ఊళ్లో ఇంకో నంబరు వచ్చింది. అది ఆసుపత్రి నంబరని మా బోర్డులో అందరికీ కంఠతా వచ్చు. తర్వాత ఒక తెల్లవారుజామున అయిదు ఊళ్లకు అయిదు లైట్నింగ్ కాల్స్, అంటే అన్నిటికంటే ముందు కలిపే రకం, ఒక్కోటి నిమిషంలోపే. ఆ తర్వాత ఆయన ఆ ఊరికి మళ్లీ కాల్ బుక్ చేయలేదు. నేను ఒక్క ముక్క వినలేదు. అయినా వాళ్లింట్లో ఏం జరిగిందో నాకు తెలుసు, మీకూ ఇప్పుడు తెలిసిపోయింది.

ఆ టికెట్టే ఇప్పటి సీడీఆర్, అంటే కాల్ వివరాల రికార్డు. తేడా ఏమిటంటే, మా టికెట్ కట్టలు బిల్లుల తగాదాలు తీరేదాకా అటక మీద దుమ్ము పట్టి, తర్వాత చిత్తుకాగితాల్లోకి పోయేవి. ఇప్పుడు కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చారు. పైగా ఏ టవర్ కింద ఉన్నారో కూడా అందులో ఉంటుంది. అమెరికాలో దొంగతనాల కేసులో కార్పెంటర్ అనే అతనికి 127 రోజుల రికార్డు తీస్తే, అతనెక్కడున్నాడో చెప్పే పాయింట్లు 12,898 దొరికాయి. రోజుకు వంద పైచిలుకు! ఇంత లోతుగా చూడాలంటే జడ్జి వారంటు ఉండాల్సిందేనని 2018లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అందరు జడ్జీలూ ఒప్పుకోలేదు లెండి, 5–4 తీర్పు.

ప్రశ్న: నేను లా చదువుతున్నాను మేడమ్. ప్రైవసీ ప్రాథమిక హక్కు అయిపోయింది కదా. ఇంకా మన ఫోన్ వినమని ఆర్డరు ఎవరివ్వగలరు? జడ్జి సంతకం అక్కర్లేదా?

అక్కర్లేదు తల్లీ. చాలామంది అక్కడే పొరబడతారు. సినిమాల్లో చూసే వారంటు వేరే దేశాలది. మన దగ్గర కేంద్రంలో హోం సెక్రటరీ, రాష్ట్రంలో ఆ రాష్ట్ర హోం సెక్రటరీ సంతకం పెడితే చాలు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం దాకా వచ్చినా ఆ అధికారం అధికారుల చేతిలోనే ఉంది. ఒక ఆర్డరు 60 రోజులు. పొడిగించుకుంటూ పోతే 180 రోజుల వరకు. గడువు, రివ్యూ అనే పగ్గాలు ఊరికే రాలేదు, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు పెట్టించినవి.

ఆ ఆర్డర్లను తిరిగి చూసే రివ్యూ కమిటీలో ఎవరుంటారు? వాళ్లూ సెక్రటరీలే. రెండు నెలలకోసారి కూర్చోవాలి. ఒక్కో సమావేశంలో 15 నుంచి 18 వేల ఆర్డర్లు చూడాల్సి వస్తోంది, ఇది అయ్యే పని కాదని 2018లో, డేటా రక్షణ చట్టం కోసం కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీయే రాసింది. నేను లెక్క వేశాను. ఆర్డరుకు ఒక్క నిమిషం అనుకున్నా 15 వేల నిమిషాలంటే 250 గంటలు. టీ తాగకుండా, కన్ను మూయకుండా పది రోజులు పైన. నీ ఫోన్ విన్నారని నీకు తర్వాత కూడా చెప్పరు. తెలియందే కోర్టుకు ఎలా వెళ్తావు?

ఇక హక్కు సంగతి. నీ సిలబస్‌లో ఖరక్ సింగ్ కేసు ఉండే ఉంటుంది. బందిపోటు కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టి, నిద్ర లేపి, ఇంట్లో ఉన్నావా అని చూసి పోయేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలొక్కటి తప్పంది, ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదంది. కాదు, మొత్తం నిఘాయే తప్పు, స్వేచ్ఛలో ప్రైవసీ ఒక భాగం అని వేరే తీర్పు రాసినవారు మన రాజమహేంద్రవరం కోకా సుబ్బారావు గారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. సుబ్బారావు గారు తర్వాత ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాట మీద నిలబడి, ఆయన అన్నదే సరైందన్నారు. 55 ఏళ్లు పట్టింది. ఆయన లేరప్పటికి.

పుట్టస్వామి తీర్పు అడిగేవి స్థూలంగా మూడు: చట్టం ఉందా, న్యాయమైన అవసరం ఉందా, ఆ అవసరానికి మించి చూస్తున్నారా. చిక్కంతా మూడోదానితోనే. 2023 డేటా రక్షణ చట్టం కంపెనీల చెవులు మెలిపెడుతుంది కానీ, కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థల్ని బయట కూర్చోబెట్టింది. తెలంగాణలో 2024 నుంచి నడుస్తున్న ట్యాపింగ్ కేసు గురించి కూడా అడిగావు. విచారణలో ఉన్నదాని మీద నేను తీర్పు చెప్పను.

ప్రశ్న: ఏదైనా వస్తువు గురించి ఇంట్లో అనుకుంటే చాలు, ఫోన్లో దాని యాడ్ వస్తోంది. ప్రభుత్వం కూడా ఇలాగే వింటోందా?

యాడ్ రావడానికి మైకు వినక్కర్లేదండీ. మీరు వెతికినవి, తిరిగిన చోట్లు, మీ ఇంటి వైఫైలో ఉన్న మిగతావాళ్లు వెతికినవి, ఇవి చాలు. భయపడాల్సింది ఇంకోటుంది. ఆ సమాచారం అమ్ముడుపోతుంది. కొనేవాళ్లలో ప్రభుత్వ సంస్థలు కూడా ఉన్నాయని అమెరికా నిఘా విభాగాల సొంత నివేదికే 2023లో బయటపెట్టింది. వారంటు తిప్పలెందుకు, బిల్లు కడితే పోలా అన్నమాట.

ప్రశ్న: టెర్రరిస్టుల్ని పట్టుకోవాలి కదా. ప్రతి యాప్‌కూ ఒక మారు తాళంచెవి ప్రభుత్వం దగ్గర ఉంటే తప్పేంటి? మీరు డిపార్టుమెంటు మనిషై ఉండి అడ్డం తిరుగుతారేం?

నేను అడ్డం తిరగను బాబూ. రాతపూర్వకంగా ఆర్డరు వస్తే మా ఎక్స్ఛేంజిలోనూ లైను ఇచ్చారు. కిందగదిలో వైర్ల ఫ్రేము దగ్గరకు వెళ్లి, ఒక జంపర్ వైరు వేసి రావాలి. ఒక లైనుకు ఒక వైరు, ఒక టేప్ రికార్డరు, ఆ టేపులు కూర్చుని వినడానికి ఒక మనిషి. ఇంత శ్రమ ఉంది కాబట్టే నిజంగా అనుమానం ఉన్నవాడి మీదే వేసేవాళ్లు. ఆ శ్రమే పెద్ద కాపలా అని నాకు ఉద్యోగం మానేశాక అర్థమైంది. ఇప్పుడది కంప్యూటర్లో నాలుగు నొక్కుళ్ల పని. ఒకడిని వినడానికీ లక్ష మందిని వినడానికీ పెద్ద తేడా లేదు.

నీ మారు తాళంచెవి కథ గ్రీసులో నడిచింది. అక్కడొక పెద్ద మొబైల్ కంపెనీ ఎక్స్ఛేంజిల్లో, పోలీసులు అడిగితే లైను ఇవ్వడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుని ఉంది. 2004లో ఎవరో లోపలికి దూరి దాన్ని రహస్యంగా నడిపించారు. ఎవరి ఫోన్లు విన్నారు? ప్రధానమంత్రివి, మంత్రులవి, మొత్తం వందకు పైగా. 2005 మార్చిలో బయటపడేదాకా దాదాపు అలాగే సాగింది. దొంగల కోసం పెట్టిన చెవిలోంచి సాక్షాత్తూ ప్రధానమంత్రినే విన్నారు! ఈమధ్య 2024లో అమెరికా టెలికం కంపెనీల్లోకి చైనా హ్యాకర్లు దూరినప్పుడు కూడా, కోర్టు ఆర్డర్ల మీద ట్యాపింగ్ చేసే వ్యవస్థల దాకా వెళ్లారని వచ్చింది. తలుపు పెట్టేటప్పుడు ఎవరి కోసమో రాసిపెట్టొచ్చు. తలుపుకు చదువు రాదు కదా.

అనుమానం ఉన్నవాడి ఫోన్ వినడానికి నాకేం అభ్యంతరం లేదు. కారణం కాగితం మీద రాయాలి, ఆ కాగితం ప్రభుత్వం కింద పనిచేయని మనిషి ఒకరు చూడాలి. జడ్జి అయితే మంచిది. నేను అడిగేది అంతవరకే.

ప్రశ్న: రోడ్డు మీద పోలీసులు ఆపి ఫోన్ అన్‌లాక్ చేయమంటే చేయాలా?

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో దారిన పోయేవాళ్ల చాట్లలో గంజాయి అనే మాట కోసం వెతికిన వీడియో చూసే అడుగుతున్నట్టున్నారు. గొంతు పెంచొద్దు, పరుగెత్తొద్దు. ఏ కేసు, ఏ కారణం అని అడగండి. ఫోన్ తీసుకుంటే రాసివ్వమనండి. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా వద్దా అన్నదాని మీద కోర్టుల మాట ఇంకా ఒకటిగా లేదు. వేలిముద్ర లాక్ కంటే అంకెల లాక్ మేలని మాత్రం చెప్తాను.

ప్రశ్న: మేడమ్, కోపం తెచ్చుకోకండి. అన్నేళ్ల ఉద్యోగంలో మీరెప్పుడైనా ఎవరి కాలైనా విన్నారా?

విన్నాను. ఒకసారి.

చేరిన కొత్తలో. లైను కలిసిందో లేదో చూడ్డానికి బోర్డు మీది వినే కీ తెరవాలి, కలిసిందని తెలియగానే మూసేయాలి. ఆ రోజు మూయలేదు. అవతలి నుంచి ఒక ముసలావిడ 'ఆడపిల్లరా, ఇద్దరూ క్షేమం' అంది. ఇవతల ఆయన ఏమీ మాట్లాడలేదు. మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు ఏడుపే. టైము అయిపోయిందని చెప్పాల్సింది నేనే. చెప్పకుండా ఇంకో నిమిషం వదిలేసి, టికెట్ మీద మూడే రాశాను.

ఆయన మా ఆఫీసు ఎదురు వీధిలోనే ఉండేవాడు, మొహం ఎరుగుదును. మర్నాడు డ్యూటీకి వెళ్తుంటే బస్టాపులో కనిపించాడు. ఇంకా ఎవరికీ చెప్పినట్టు లేడు, తనలో తనే నవ్వుకుంటున్నాడు. 'పాప ఎలా ఉందండీ?' అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేసి, టైమెంతయిందని అడిగాను.