రెండు గిటార్లూ ఒకేలా ఉన్నాయంటున్నావు గదా

బరంపురం

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఒకటి యమహా పసిఫికా 112, ఇంకోటి స్క్వయర్ అఫినిటీ స్ట్రాటోకాస్టర్. రెండూ నీలం రంగే. తీగల ఊపుని కరెంటుగా మార్చే పికప్‌లు రెండింటికీ ఒకటే: బ్రిడ్జ్ (కింద తీగలు ఆనే చోటు) దగ్గర రెండు కాయిల్స్ ఉన్న హంబకర్, మధ్యలో ఒకటి, నెక్ (పట్టుకునే మెడ) దగ్గర ఒకటి సింగిల్ కాయిల్. "ఏది కొనమంటావు మావయ్యా" అని అడిగావు. ఫొటో చూసి గిటార్ చెప్పేసేవాడి మాట వినకు, వాడు మీ మావయ్యే అయినా సరే. విశాఖపట్నం వెళ్ళి షాపులో కూర్చున్నాక నీ అంతట నువ్వు ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను. పర్లాకిమిడి నుంచి అంతదూరం పోయి, నాలుగు కార్డ్స్ కొట్టి, మెరుపు చూసి మోసుకొస్తే ఛార్జీలు కూడా దండగ.

కాగితం మీద తెలిసేవి ముందు చూద్దాం. రెండింటికీ స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 25.5 అంగుళాలే. కాబట్టి ఒకే గేజ్ (లావు) తీగలు వేస్తే బిగువు ఒకటే. గిబ్సన్ లెస్ పాల్ రకం గిటార్లకైతే 24.75 ఉంటుంది, తీగ కాస్త మెత్తగా తగులుతుంది. నీకు ఆ గొడవ లేదు. పసిఫికాకి 22 ఫ్రెట్లు (నెక్ మీది లోహపు గీతలు), అఫినిటీకి 21. అంటే సన్నతీగ మీద ఒకదాంట్లో డి వరకూ ఉంది, రెండోదాంట్లో సి షార్ప్ దగ్గరే ఆగిపోయి డి కావాలంటే తీగ లాగాలి. పసిఫికా ఫ్రెట్‌బోర్డు చదునుగా ఉంటుంది, రేడియస్ (వంపు కొలత, ఎక్కువుంటే చదును) 13.75 అంగుళాలు. అఫినిటీది 9.5, అంటే బాగా గుండ్రం. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బారే కార్డ్స్ పట్టేవాడికి గుండ్రం హాయి. సోలోల్లో తీగ బాగా లాగేవాడికి చదును హాయి, ఎందుకంటే గుండ్రటి బోర్డు మీద తీగలు మరీ కిందికి దించితే లాగినప్పుడు స్వరం మధ్యలో చచ్చిపోతుంది. నీ వాయింపు నాకు తెలుసు, నువ్వు లాగుడు మనిషివి.

ఇంకో సంగతి, 112 అనగానే అన్నీ ఒకటే అనుకోకు. జె అనీ వి అనీ రకాలున్నాయి. టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిల్ ఆగిపోయి సింగిల్ కాయిల్‌లా పలికేది వి. షాపు బోర్డు మీద 112 అని రాసి జె చేతిలో పెడితే నువ్వు అడిగిన వస్తువు కాదది. బిల్లు రాసేటప్పుడు మోడల్ పేరు పూర్తిగా రాయించు.

ఇక పికప్‌ల దగ్గరికి వద్దాం, నీ సందేహమంతా అక్కడే గదా. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ కొన్ని వేల చుట్లు. అయస్కాంతం పైనున్న ఉక్కుతీగని కూడా అయస్కాంతంలా చేస్తుంది. తీగ ఊగితే కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే. తిరకాసేమిటంటే కాయిల్‌కి నీ తీగ ఊపు, ట్యూబులైటు చోక్ ఊపు అన్న తేడా తెలీదు. మన కరెంటు 50 సైకిల్స్ కాబట్టి ఆ గుయ్యిమనే చప్పుడు కూడా అందులోంచే వస్తుంది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా కలిపి, తీగ శబ్దాన్ని నిలిపి గుయ్యిని మాత్రం కొట్టేసే ఏర్పాటు చేశాడు, 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. అదే హంబకర్.

మనవాళ్ళకిది వట్టి చరిత్ర కాదు. ఇక్కడ రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్రకి వీధి వీధినా స్టేజి కడతారు. జనరేటరు ఒకపక్క, సీరియల్ లైట్లు ఒకపక్క, లైటింగ్ వాడి డిమ్మర్లు ఇంకోపక్క. అక్కడ మెలోడీలో (సినిమా పాటల ఆర్కెస్ట్రాలో) సింగిల్ కాయిల్ మీద డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్టు) తొక్కితే పాట కంటే ముందు గుయ్యి వస్తుంది. సోలో హంబకర్ మీద వాయిస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది. నువ్వు అడిగిన రెండు గిటార్లకీ బ్రిడ్జ్ దగ్గర హంబకర్ ఉండటం మంచి ఎంపికే. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్నది అందంగా ఉంటుందని మాత్రం మనసు మార్చుకోకు.

పసిఫికా వి లోవి ఆల్నికో 5 పికప్‌లు, అఫినిటీవి సెరామిక్. ఆల్నికో అనేది ఇనుములో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం. ఆల్నికో సింగిల్ కాయిల్‌లో తీగల కింద కనిపించే ఆరు కడ్డీలే సాధారణంగా అయస్కాంతాలు. తక్కువ ధర సెరామిక్ వాటిలో ఆ కడ్డీలు ఉక్కువి, అసలు అయస్కాంతం అడుగున పట్టీలా అతికించి ఉంటుంది. సెరామిక్ అంటే చెడ్డదని ప్రచారం ఉంది, నేను నమ్మను. గట్టిగా, కాస్త కరుకుగా పలికే పేరుమోసిన హంబకర్లు ఎన్నో సెరామిక్‌వే. అయితే చవక సెరామిక్ సింగిల్ కాయిల్‌లో క్లీన్ టోన్ మీద పైస్వరాలు కొంచెం గాజుముక్కల్లా గుచ్చుకునే అవకాశం ఉంది. నీ చెవికి గుచ్చుతుందా లేదా అన్నదే వినాలి. ఆల్డర్ చెక్క, పాప్లర్ చెక్క అని షాపువాడు ఉపన్యాసం మొదలెడితే తలూపి ఊరుకో. నువ్వు వాయించే స్టేజి మీద ఆ తేడా ఎవడికీ వినబడదు.

వినడంలో ఒక పద్ధతి ఉంది. ఒకే ఆంప్, ఒకే కేబుల్, బాస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో, రివర్బ్ సున్నా. రెండు గిటార్లకీ ఒకే గేజ్ కొత్త తీగలు వేయించు, ఆ డబ్బు నువ్వే ఇస్తానను. సముద్రం పక్కన ఊరు, గోడకి వేలాడేసిన గిటార్ల తీగలు తుప్పు పట్టే ఉంటాయి. తుప్పు తీగలున్న మంచి గిటార్ కొత్త తీగలున్న నాసి గిటార్ ముందు మొద్దుగా వినిపిస్తుంది. తరవాత పికప్ ఎత్తు. ఇది చాలామంది చూడరు, తేడా సగం ఇక్కడే ఉంటుంది. జేబులో చిన్న స్టీలు స్కేలు పెట్టుకెళ్ళు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, పికప్ కడ్డీకీ తీగకీ మధ్య ఖాళీ కొలువు. సింగిల్ కాయిల్‌కి లావుతీగ వైపు 2 మిల్లీమీటర్లు, సన్నతీగ వైపు ఒకటిన్నర దాటి ఉంటే సరిపోతుంది. పక్క స్క్రూలు తిప్పి రెండు గిటార్లకీ సమానం చేయించాకే వాయించు. పికప్ మరీ దగ్గరగా ఉంటే శబ్దం పెద్దదవుతుంది గానీ అయస్కాంతం తీగని లాగి పై ఫ్రెట్లలో శ్రుతి వణుకుతుంది.

వాల్యూమ్ కూడా సమానం చెయ్యాలి. పెద్దగా మోగింది బాగుందనిపించడం మనిషి చెవికి సహజం, అమ్మేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ఒకదాని పికప్ గట్టిగా పలికితే ఆంప్ నాబ్ తగ్గించి రెండోదానితో కలుపు. నీతో వచ్చినవాడి చేత వాయించి నువ్వు వెనక్కి తిరిగి విను. ఫోన్‌లో రికార్డు చేసి పోల్చకు. ఫోను చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గించి రెండింటినీ ఒకటి చేసేస్తుంది.

నీ ప్రాసెసర్ (గిటార్ శబ్దాన్ని మార్చే పెట్టె) తప్పకుండా పట్టుకెళ్ళు. మెలోడీలో గిటార్ ప్రాసెసర్‌లోంచి నేరుగా మిక్సర్‌లోకి వెళుతుంది గదా, షాపులో ఆంప్ మీద విన్నది అక్కడ పనికిరాదు. ముందు క్లీన్ ప్యాచ్ (గరుకు లేని శబ్దం సెట్టింగు) మీద నువ్వు రోజూ వాయించే రిథమ్ వాయించు. సినిమా పాటల్లో ఆ టిక్కుటిక్కుమనే కోతకి మధ్య, నెక్ సింగిల్ కాయిల్స్ రెండూ కలిసే స్థానం ఎక్కువ పనికొస్తుంది. కార్డ్‌లో ప్రతి తీగా విడిగా వినిపిస్తోందా, ముద్ద అవుతోందా చూడు. ఆ స్థానంలోనే వాయించడం ఆపి, గుయ్యి తగ్గిందా అని విను. మధ్య పికప్‌ని ఉల్టా చుట్టి, అయస్కాంతం తిరగేసి పెడితే అక్కడ కూడా హంబకర్‌లాగే చప్పుడు కొట్టేసుకుంటుంది. తరవాత డిస్టార్షన్ ప్యాచ్ పెట్టి స్విచ్ హంబకర్ నుంచి నెక్‌కి, మళ్ళీ వెనక్కి తిప్పు. శబ్దం మరీ పడిపోతే ప్రతి పాటకీ నాబ్ వెతుక్కోవాలి, మిక్సర్ దగ్గర కూర్చున్నాయన నిన్ను తిట్టుకుంటాడు. పసిఫికాలో నాబ్ లాగి హంబకర్ సగం చేసినప్పుడు కొంచెం పడుతుంది, అది మామూలే.

ఒక మల్టీమీటర్ అడిగి పుచ్చుకో. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ నిండా పెట్టి, రెండో కొస దగ్గర ఓమ్స్ చూడు. సింగిల్ కాయిల్ ఆరు కిలో ఓమ్స్ అటూ ఇటూ, మామూలు హంబకర్ ఏడెనిమిది, గట్టి రకాలు పధ్నాలుగు పదహారు వరకూ ఉంటాయి. లెక్క ఎక్కువుంటే శబ్దం ఎక్కువని దీంతో తేల్చకు, సన్నతీగ చుట్టినా ఓమ్స్ పెరుగుతాయి. ఇది కాయిల్ బతికుందా, తెగిందా అని తెలుసుకోవడానికి. మల్టీమీటర్ లేకపోతే ఆంప్ బాగా తగ్గించి చిన్న స్క్రూడ్రైవర్‌తో కడ్డీల మీద మెల్లగా తట్టు. హంబకర్‌లో రెండు వరసలూ ఒకేలా టక్కుమనాలి. ఒక వరస మూగగా ఉంటే ఒక కాయిల్ పోయినట్టే, ఆ గిటార్ పక్కన పెట్టెయ్.

ఇంతా చెప్పాక అసలు మాట: పికప్ తరవాతైనా మార్చుకోవచ్చు, సోల్డరింగ్ ఐరన్ నా దగ్గరుంది. నెక్ మార్చడం అంత సులువు కాదు. లావుతీగని మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండుచోట్లా నొక్కి, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర ఖాళీ చూడు. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. హెడ్ వైపు నుంచి కన్ను పెట్టి చూస్తే నెక్ మెలితిరిగి ఉండకూడదు. ఫ్రెట్ కొసలు అరచేతికి గీసుకోకూడదు. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒక్కొక్క స్వరం వాయించు, ఎక్కడైనా బజ్ మంటే రాసుకో. పన్నెండో ఫ్రెట్ శ్రుతి తప్పడం, తీగలు ఎత్తుగా ఉండటం, నాబ్ గరగరలాడటం వీటికి భయపడకు, సెటప్‌లో (తీగల ఎత్తూ శ్రుతీ సరిచేయించడంలో) పోతాయి. మెలితిరిగిన నెక్, పైకి లేచిన ఫ్రెట్ మాత్రం పోవు. అందుకే ఒక మోడల్‌వి రెండు పీసులు తెప్పించమను. ఒకే ఫ్యాక్టరీ, ఒకే రంగు పెట్టెల్లో కూడా ఒకదాని నెక్ ఇంకోదానికి తీసిపోతుంది. నాకు తెలిసి చాలాసార్లు రెండు కంపెనీల మధ్య కంటే రెండు పీసుల మధ్యే తేడా ఎక్కువ.

నన్ను అడిగావు కాబట్టి: నెక్‌లు రెండూ సమానంగా తేలితే పసిఫికా వి తీసుకో, నీ లాగుడుకి చదును బోర్డు, స్టేజికి ఆ లాగే నాబ్ రెండూ పనికొస్తాయి. అఫినిటీ నెక్ బాగుండి పసిఫికాది అనుమానంగా ఉంటే అఫినిటీయే, పికప్ సంగతి తరవాత చూసుకుందాం. సెటప్‌కీ మంచి కేబుల్‌కీ కొంత డబ్బు విడిగా ఉంచుకో. ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) తిప్పే తాళంచెవి, ట్రెమోలో కడ్డీ (బ్రిడ్జ్‌ని ఊపేది), గ్యారంటీ కార్డు మీద షాపు ముద్ర అడిగి తీసుకో, సంచిలో ఉన్నాయంటారు గానీ విప్పి చూడు.

షాపులోంచి ఫోన్ చెయ్యి. స్పీకర్‌లో గిటార్ వినిపించి ఏది బాగుందని మాత్రం అడక్కు. ఓమ్స్ ఎంతొచ్చాయి, ఏ ఫ్రెట్ బజ్ మంటోంది, అవి చెప్పు. అక్కని, బావగారిని అడిగానని చెప్పు.

నీ మావయ్య