హెచ్‌యూఎస్ వచ్చిన పాపకు వీఈజీఎఫ్ టెస్ట్ చేయించాలా?

అక్కా, రక్త విరేచనాల తర్వాత మీ నాలుగేళ్ల పాపకు హెచ్‌యూఎస్ (సన్నని రక్తనాళాల్లో గడ్డలు కట్టి కిడ్నీలు దెబ్బతినే జబ్బు) అన్నారని, రక్తంలో గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెంచే ప్రోటీన్లు, అందులోనూ రక్తనాళాలకు సంబంధించిన వీఈజీఎఫ్ టెస్ట్ చేయించాలా అని అడిగారు. నా మాట వింటే ఆ డబ్బు దగ్గర ఉంచుకోండి. మాది పరకాల దగ్గర ఊరు. మా బాబుకు ఐదేళ్లప్పుడు ఇదే జబ్బు వచ్చింది. నేనూ వార్డులో రాత్రంతా ఫోన్‌లో ఇవే చదివి, పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ మేడమ్‌ను ఇదే అడిగిన.

ఆమె కేస్ షీట్ వెనక జల్లెడ బొమ్మ గీసి చెప్పారు. కిడ్నీ జల్లెడలో ఒకవైపు సన్నని రక్తనాళాలు, ఇంకోవైపు పోడోసైట్లనే కణాలు ఉంటాయి. పోడోసైట్లు తయారుచేసే వీఈజీఎఫ్ అందితేనే ఆ నాళాల లోపలి పొర బాగుంటుంది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందులతో కొందరికి కిడ్నీలో ఇలాంటి దెబ్బే తగలడం 2008లో డాక్టర్లు రాశారు కూడా. మన పిల్లల్లో ఆ పొరను దెబ్బతీసేది విరేచనాల బ్యాక్టీరియా వదిలే షిగా టాక్సిన్. అక్కడ సన్నని గడ్డలు కడతాయి, ప్లేట్‌లెట్లు వాటికే అయిపోతాయి, ఆ ఇరుకులో ఎర్రకణాలు తునకలవుతాయి.

మరి రక్తంలో కొలిస్తే తెలియదా? ప్లేట్‌లెట్లలోనూ వీఈజీఎఫ్ ఉంటుంది, శాంపిల్ గడ్డకట్టగానే బయటికొస్తుంది. ప్లేట్‌లెట్లే పడిపోయిన పిల్లలో ఆ నంబర్ కిడ్నీ సంగతి ఏం చెబుతుంది? పరిశోధనకు పనికొస్తుందేమో గానీ, ఎంత వచ్చినా పాపకిచ్చే ట్రీట్‌మెంట్ మారదు.

మాకు దారి చూపింది యూరిన్ కొలిచే ప్లాస్టిక్ గ్లాసు. ఒక రోజంతా కలిపి 40 ఎంఎల్ దాటలేదు. పొట్టలోకి గొట్టం వేసి డయాలిసిస్ చేశారు. తొమ్మిదో రోజు పొద్దున గ్లాసు సగం నిండితే నర్సమ్మ చేయి పట్టుకుని ఏడ్చేసిన. యూరిన్, బీపీ, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, ఎల్‌డీహెచ్ (ఎర్రకణాలు చితికితే పెరుగుతుంది), క్రియాటినిన్ (కిడ్నీ పనిచేయకపోతే పెరుగుతుంది)... ఇవి రోజూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ప్లేట్‌లెట్లు తగ్గాయని ఎక్కించమని ఒత్తిడి చేయకండి, రక్తస్రావం ఉంటేనో ఏదైనా ప్రొసీజర్‌కు ముందో తప్ప సాధారణంగా ఎక్కించరు.

డాక్టర్‌ను తప్పక అడగాల్సింది ఒకటుంది: ఫ్యాక్టర్ హెచ్ యాంటీబాడీ టెస్ట్ అవసరమా అని. ఫ్యాక్టర్ హెచ్ అంటే మన రోగనిరోధక శక్తి మన కణాలనే దెబ్బతీయకుండా ఆపే ప్రోటీన్, ఈ యాంటీబాడీలు దాన్ని అడ్డుకుంటాయి. విరేచనాలతో సంబంధం లేకుండా వచ్చే హెచ్‌యూఎస్‌లో, మన దేశపు పిల్లల్లో ఈ యాంటీబాడీలు చాలామందికి దొరుకుతాయి. అవి ఉంటే ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి దాతల ప్లాస్మా ఎక్కించడం) త్వరగా మొదలుపెట్టాలి. ట్రీట్‌మెంట్‌ను మార్చే టెస్ట్ అది.

ఇంకో మాట. మా ఊళ్లో ఆర్‌ఎంపీ విరేచనాలు ఆగడానికి గోలీలు ఇస్తే రెండు రోజులు వేసినం. రక్తం పడుతున్నప్పుడు అవి వేయొద్దని తర్వాత తెలిసింది, ఆ బాధ ఇంకా పోలేదు. ఇంట్లో చిన్నవాళ్లుంటే నీళ్లు మరగబెట్టే ఇవ్వండి.

బాబుకు ఇప్పుడు పదకొండేళ్లు. బీపీ, యూరిన్‌లో ప్రోటీన్ ఇప్పటికీ చూపిస్తున్నాం.

పాప యూరిన్ ఎంత పోస్తోంది, క్రియాటినిన్ ఎంతుంది? రాయండి అక్కా.