ఆగస్టులో శ్రీలంక: టికెట్లు ఉంచుకోండి, తీరం మార్చండి

ఆగస్టులో పిల్లలతో శ్రీలంక వెళ్లడానికి కొలంబో టికెట్లు కొన్నాం, హిక్కడువలో గది తీసుకున్నాం, వానలని రద్దు చేసుకోవాలా అని అడిగారు. ఇబ్బంది ఆగస్టుతో కాదు, మీరు స్నార్కెలింగ్‌కి (నీటి మీద తేలుతూ లోపలి పగడాలు, చేపలు చూడటానికి) ఎంచుకున్న నైరుతి తీరపు హిక్కడువతో. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి నేరుగా ఆ తీరాన్నే కొడుతుంది. వాన ఆగి ఎండ కాసినా అలల ఉధృతి తగ్గదు, నీళ్లు మసకగానే ఉంటాయి.

చాలామంది వదిలేసే పని ఇదే: "శ్రీలంక వాతావరణం" అనో "కొలంబో" అనో చూసి ఆగిపోతారు. దిగబోయే తీరం పేరుతో విడిగా చూడాలి. దీవి నడుమ 2,500 మీటర్ల దాకా లేచిన కొండలు నైరుతి మేఘాలను పడమటి వైపే ఆపేస్తాయి. అందుకే అప్పుడు తూర్పు తీరం పొడిగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మన నెల్లూరులాగే తూర్పు తీరంలోని ట్రింకోమలీకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే.

కొలంబో టికెట్లు రద్దు చేయకండి. ఇలా మార్చండి:

1. హిక్కడువ గది వదిలేసి, ట్రింకోమలీ పక్కన నిలావెలిలో తీసుకోండి. పగడపు దిబ్బలున్న పీజియన్ ఐలాండ్‌కి పడవలు అక్కడి నుంచే. పొద్దున్నే వెళ్లండి, జనం తక్కువ.
2. కొలంబో నుంచి రోడ్డు మీద ఆరేడు గంటలు. పిల్లలున్నారన్నారు కాబట్టి హబరణలో ఒక రాత్రి ఆగండి. ఆగస్టులో దగ్గర్లోని మిన్నేరియ చెరువుకి ఏనుగులు గుంపులుగా వస్తాయి, తప్పక చూపించండి.
3. క్యాండీ కూడా వెళ్తే ఎసల పెరహెర (అక్కడి పెద్ద ఊరేగింపు పండుగ) తేదీలు ముందే చూసుకోండి. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం.

హిక్కడువే కావాలంటే డిసెంబరు–మార్చి. అక్టోబరు, నవంబరుల్లో రెండు తీరాలకూ వానే.