నీ వ్యాసంలో కర్ణుణ్ని కొట్టేశాను

తమ్ముడూ,

విప్రో కంపెనీని పెద్దచేసిన అజీమ్ ప్రేమ్‌జీ దానగుణం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష హాయిగా ఉంది, ఎక్కడా తడబడలేదు. కానీ మొదటి పేజీలో ‘అపర దానకర్ణుడు’ అన్నావే, దాన్ని పెన్సిల్‌తో కొట్టేశాను. కర్ణుడు గుమ్మంలో నిలబడి అడిగినవాడికల్లా ఇచ్చాడు. అడిగింది ఎవరో తెలిసి కూడా కవచకుండలాలు ఊడదీసి ఇచ్చాడు. ప్రేమ్‌జీ పద్ధతి దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ అని సంస్థ పెట్టారు, జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు, ఏ జిల్లాల్లో పనిచేయాలో ఎంచుకున్నారు, ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అని చూసుకున్నారు. అలాంటి మనిషిని పురాణంలోకి ఎక్కిస్తే పాఠకుడు దండం పెట్టి పేజీ తిప్పేస్తాడు.

ఎకానమీ క్లాసు ప్రయాణం, పాత కారు, ఆఫీసులో టాయిలెట్ పేపర్ లెక్క కూడా తీసెయ్. అందరూ రాసి రాసి అరగదీశారు. పైగా పొదుపు వేరు, ఇవ్వడం వేరు. పొదుపు చేసేవాళ్లంతా ఇస్తే మన వీధిలోనే పది ఫౌండేషన్లు ఉండేవి.

అమల్నేర్ వనస్పతి ఫ్యాక్టరీ, 1966లో తండ్రి పోవడం, 21 ఏళ్ల కుర్రాడు స్టాన్‌ఫర్డ్ చదువు వదిలి రావడం, 1977లో ఐబీఎం వెళ్లిపోయాక విప్రో కంప్యూటర్లలోకి దిగడం, ఇవన్నీ ఒక్క పేరాలో తేల్చెయ్. వాటికంటే తల్లి గుల్‌బానూ గురించి నువ్వు చివర్లో రాసిన నాలుగు వాక్యాలు విలువైనవి. డాక్టరు చదివి, ముంబైలో ఎముకల జబ్బుల పిల్లల ఆసుపత్రి కోసం ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి ఆవిడ. తన మీద ఎక్కువ ప్రభావం ఆవిడదేనని కొడుకే చెప్పారు. ఆ పేరా పైకి తే.

ఇక డబ్బు సంగతి. ‘1.45 లక్షల కోట్లు ఖర్చు చేశారు’ అని రాశావు. అది తప్పు. 2019 మార్చిలో ఆయన విప్రోలో మరో 34 శాతం షేర్ల మీద వచ్చే ఆదాయాన్ని ఫౌండేషన్‌కి రాసిచ్చారు. ఆనాటి ధర ప్రకారం వాటి విలువ 52,750 కోట్లు. అంతకుముందు ఇచ్చినవాటితో కలిపితే మొత్తం 1.45 లక్షల కోట్లు. అంటే ఆ షేర్ల మీద డివిడెండ్ వచ్చినా, కంపెనీ వాటిని తిరిగి కొన్నా ఆ డబ్బు ఫౌండేషన్‌కి పోతుంది. షేరు ధర మారితే ఈ అంకె కూడా మారుతుంది. రాసివ్వడానికీ ఖర్చుపెట్టడానికీ మధ్య ఉన్న ఈ తేడాని తెలుగులో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. నువ్వు చెప్పు. ఇంకోటి, దీన్ని సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అన్నావు. సీఎస్ఆర్ అనేది 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం పెట్టాల్సిన ఖర్చు. ఇది ఆయన సొంత ఆస్తి. రెండూ కలిపితే చట్టం చేయించిన పనికి మనిషిని మెచ్చుకున్నట్టవుతుంది, మనిషి తనంతట చేసిన పని చట్టం ఖాతాలో పడుతుంది.

నీ వ్యాసంలో అసలు లేనిది, నాకు కావాల్సింది, ఆ డబ్బు పిల్లల దాకా ఎలా చేరుతుందన్న సంగతి. మొదటి ఏళ్లలో ఫౌండేషన్ బడులకు కంప్యూటర్ పాఠాల సీడీలు చేయించి ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ డబ్బుకి ముందు తోచేది కంప్యూటరే కదా. దానివల్ల పిల్లల చదువు పెద్దగా మెరుగుపడలేదని సంస్థే తేల్చుకుని, సర్కారు బడి టీచర్లతో కలిసి పనిచేసే దారి పట్టింది. ఇది చాలా మెల్లగా నడిచే పని, ఫొటోకి పనికిరాదు. నాకైతే లక్ష కోట్ల అంకె కంటే ఈ మలుపే పెద్ద వార్త.

గుడ్డు సంగతి చూడు. కర్ణాటకలో మధ్యాహ్న భోజనంలో వారానికి 2 రోజులు ప్రభుత్వం గుడ్డు పెడుతుంటే, 2024లో మిగతా 4 రోజులూ ఫౌండేషన్ ఇస్తానంది. మూడేళ్లకి సుమారు 1,500 కోట్లు. ఈ అంకెని నువ్వు అలాగే ఎత్తి రాశావు. ఒకసారి లెక్క కట్టు. పిల్లలు సుమారు 55 లక్షలు, వారానికి 4 గుడ్లు, బడి నడిచే వారాలు ఓ 40 అనుకో, వండి వలిచే ఖర్చుతో సహా గుడ్డుకి 6 రూపాయలు వేసుకో. ఏడాదికి 528 కోట్లు, మూడేళ్లకి 1,584. చూశావా, కోట్లు ఒక్కసారిగా పిల్లాడి కంచంలోకి దిగాయి! ఏ పెద్ద అంకె చేతికొచ్చినా ఇలా విప్పి చూశాకే రాయి. విప్పితే తేలకపోతే ఎడిటర్‌కి పంపకు.

లెక్క తేలాక ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. చలికాలంలో గుడ్డు ధర పెరిగితే ఆ తేడా ఎవరు భరిస్తున్నారు? హెడ్‌మాస్టరా? వందల గుడ్లు వలిచే వంటమ్మకి దానికేమైనా ఇస్తున్నారా? గుడ్డు తినని పిల్లలకి అరటిపండో చిక్కీయో అన్నారు, అది అందుతోందా? మూడేళ్లు నిండాక ఆ 4 రోజుల సంగతేంటి?

ఈ చివరి ప్రశ్న అడగడం దాతని తక్కువ చేయడం అనుకోకు. మన 108 అంబులెన్సు చూడు. 2005లో హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు మొదలుపెట్టించిన సేవ అది. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం జరిగిందని ఆయనే లేఖ రాసి ఒప్పుకున్నారు. కంపెనీ కూలిపోయింది, అంబులెన్సు మాత్రం ఆగలేదు. నడిపే ఖర్చులో ఎక్కువ భాగం అప్పటికే ప్రభుత్వం పెడుతోంది, నడపడానికి జీవీకే అనే ఇంకో కంపెనీ ముందుకొచ్చింది. ఇచ్చినాయన ఏమయ్యారన్నది ఒక కథ, ఇచ్చింది ఎలా నిలబడిందన్నది ఇంకో కథ. రెండోదే రాయడం కష్టం. దానికి తిరగాలి.

అందుకే హైదరాబాద్‌లో కూర్చుని దీన్ని దిద్దకు. రాయచూరు రైలెక్కు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, భాష టెన్షన్ లేదు. మధ్యాహ్నం భోజనం గంటకి ఏదో ఒక సర్కారు బడికి వెళ్లు. ముందు హెడ్‌మాస్టర్ దగ్గర అనుమతి తీసుకో, పిల్లల ఫొటోలు తీయకు. వంటమ్మతో మాట్లాడేది మాత్రం పని అయిపోయాకే, మధ్యలో అడ్డం పడకు. వచ్చాక రాసింది పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

నీ అన్నయ్య