సొంత ఫైళ్లు రావాలంటే యాప్‌లో ప్రకటన ఇవ్వొచ్చా?

వకీలుగా ప్రాక్టీసు పెట్టి 4 ఏళ్లయినా సొంత ఫైళ్లు, అంటే నేరుగా మీ దగ్గరికొచ్చే కేసులు లేవు, డబ్బు కట్టి యాప్‌లో పేరు పెట్టించుకోవచ్చా అని అడిగారు కదండీ. వద్దు. వకీళ్లు ప్రకటన ఇవ్వడాన్ని బార్ కౌన్సిల్ 36వ నియమం ఒప్పుకోదు. ఫిర్యాదు వస్తే అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద క్రమశిక్షణ విచారణే. దస్తావేజు రాసేవాళ్లకి కమీషనిచ్చి కేసులు తెప్పించుకోవడమూ అంతే.

సొంత వెబ్‌సైట్‌కి 2008 నుంచి అనుమతి ఉంది. పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, చూసే కేసుల రకం, అంతవరకే. గెలిచిన కేసుల చిట్టా పెట్టకండి. బోర్డు మీద 'సివిల్ స్పెషలిస్ట్' అని ఉంటే ముందు అది చెరిపించండి.

ఉచిత న్యాయసహాయం ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కి, అంటే వాళ్ల వకీళ్ల జాబితాకి, దరఖాస్తు పెట్టండి. మామూలుగా 3 ఏళ్ల అనుభవం అడుగుతారు, మీకుంది. ఫీజు తక్కువే కానీ వాదించే పని దొరుకుతుంది. సంస్థ అప్పగించిన కక్షిదారు దగ్గర మాత్రం పైసా పుచ్చుకోకూడదు.

వాయిదా అయిన సాయంత్రమే కక్షిదారుకి మెసేజ్ పెట్టండి: ఈరోజు ఏం జరిగింది, తర్వాతి తేదీ, తేవాల్సిన కాగితాలు. ఫోనెత్తని వకీలు పేరు ఎవరూ పక్కింటివాళ్లకి చెప్పరు.